డయోడ్‌కు బాట వేసిన గెలీనా స్ఫటికం: జగదీశ్ చంద్రబోస్ జీవితం, ఆయన వద్దనుకున్న పేటెంటు

రాయ్‌పూర్, నవంబర్ 30: ఛత్తీస్‌గఢ్ రాజధాని శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో ఉక్కును కరిగించే ఇండక్షన్ కొలిమి పని మొదలుపెట్టాలంటే, క్షణక్షణం దిశ మార్చుకుంటూ వచ్చే ఏసీ విద్యుత్తును ముందుగా ఒకే దిశలో ప్రవహించే డీసీగా మార్చాలి. రాయ్‌పూర్ మీదుగా విశాఖపట్నం, నాగ్‌పూర్, హౌరా వైపు సాగే విద్యుత్ రైలింజన్లు 25,000 వోల్టుల తీగ నుంచి తీసుకున్న శక్తిని వాడుకోవడానికీ ఇదే మార్పు అవసరం. మొబైల్ ఛార్జరు లోపల జరిగేదీ ఇదే. ఈ మార్పును సాధించే పరికరం రెక్టిఫైయర్. అందులో విద్యుత్తును ఒక దిశలో పోనిచ్చి, ఎదురు దిశలో అడ్డుకునే భాగం డయోడ్.

నేటి డయోడ్లు దాదాపు అన్నీ అర్ధవాహక పదార్థాలతోనే తయారవుతున్నాయి. అటువంటి పదార్థంతో చేసిన పరికరానికి ప్రపంచంలో లభించిన తొలి పేటెంటుగా చరిత్రకారులు గుర్తించినది ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరిట 1904లో అమెరికాలో నమోదైంది. నేడు ఆయన జయంతి. మొక్కలకూ స్పందన ఉందని నిరూపించిన శాస్త్రవేత్తగా ఆయన పాఠశాల విద్యార్థులందరికీ తెలుసు. ఆ పరిశోధనలకు ముందు కొన్నేళ్లపాటు ఆయన పదుల కొద్దీ లోహాలనూ ఖనిజాలనూ ఒకదానితో ఒకటి పోల్చి, ఏ పనికి ఏ పదార్థం తగునో తేల్చే కృషిలో గడిపారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ కృషి ఫలితమే ఆ పేటెంటు. దాన్ని ఆయన కోరి తీసుకోలేదు. తీసుకున్న తరువాత ఉపయోగించుకోనూ లేదు. ఆయన చేత దరఖాస్తు చేయించిన మిత్రబృందం ఏర్పడటానికి కారకుడు కౌమారంలో రెండేళ్లు రాయ్‌పూర్‌లో గడిపిన స్వామి వివేకానంద.

మాతృభాషలో తొలి చదువు

బోస్ 1858 నవంబర్ 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. పూర్వీకుల ఊరు బిక్రంపూర్ ప్రాంతంలోని రాఢీఖాల్. తండ్రి భగవాన్ చంద్రబోస్ బ్రిటిష్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేటు, బ్రహ్మసమాజ సభ్యుడు. ఆ హోదాలో ఉన్నవారు పిల్లలను ఇంగ్లీషు బడికి పంపడం ఆనాటి ఆనవాయితీ. భగవాన్ చంద్ర మాత్రం కుమారుణ్ని బెంగాలీ బడిలో చేర్పించారు. పరభాష నేర్వక ముందే మాతృభాషనూ, చుట్టూ ఉన్న సామాన్య ప్రజలనూ తెలుసుకోవాలన్నది ఆయన అభిప్రాయం. ఆ బడిలో బాలుడి పక్కన కూర్చున్నవారిలో తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కుమారుడూ, జాలరి కుమారుడూ ఉన్నారు. వారు చెప్పిన పక్షుల, జలచరాల కథలే ప్రకృతిపై తనకు ఆసక్తి కలిగించాయని బోస్ పెద్దయ్యాక గుర్తుచేసుకునేవారు.

స్వదేశీ పరిశ్రమలపై మక్కువతో భగవాన్ చంద్ర పెట్టిన పెట్టుబడులు అనేకం నష్టపోయాయి. కుటుంబం అప్పుల పాలైంది. ఆ పరిస్థితుల్లోనే బోస్ కలకత్తాలోని హేర్ స్కూలులోనూ, ఆపై సెయింట్ జేవియర్స్ విద్యాసంస్థలోనూ చదివారు. అక్కడ భౌతికశాస్త్రం బోధించిన ఫాదర్ యూజీన్ లఫోన్ ప్రయోగాలను తరగతి గదిలో కళ్లకు కట్టినట్లు చూపే అధ్యాపకుడు. ఉపకరణాలను స్వయంగా తయారు చేసుకోవాలన్న అభిరుచి బోస్‌కు అక్కడే ఏర్పడింది.

1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లిన బోస్‌ను జ్వరం పదేపదే పీడించింది. శవపరీక్ష గదిలోని వాతావరణం ఆరోగ్యాన్ని మరింత దెబ్బతీయడంతో వైద్యవిద్యను వదిలి, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతిశాస్త్రాల అధ్యయనానికి మారారు. లార్డ్ రేలీ అక్కడ ఆయన గురువుల్లో ఒకరు. 1884లో పట్టా పొంది, మరుసటి ఏడాది స్వదేశానికి తిరిగి వచ్చారు.

మూడేళ్లు జీతం ముట్టని అధ్యాపకుడు

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా బోస్ నియామకం సాఫీగా జరగలేదు. భారతీయులు విజ్ఞానశాస్త్రాన్ని బోధించజాలరన్న అపోహ ఆనాటి విద్యాశాఖ అధికారుల్లో బలంగా ఉండేది. నియామకం దక్కినా జీతంలో వివక్ష తప్పలేదు. ఒకే పదవిలో ఉన్న ఆంగ్లేయుడికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయుడికి ఇచ్చేవారు. బోస్ నియామకం తాత్కాలికం కావడంతో అందులోనూ సగమే నిర్ణయించారు.

బోస్ ఉద్యోగం మానలేదు, జీతమూ తీసుకోలేదు. ఇంటి మీద అప్పులున్నా, మూడేళ్లపాటు ఒక్క రూపాయి ముట్టకుండా పాఠాలు చెప్పారు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి ఆయనకు పూర్తి జీతాన్ని నియామకపు తేదీ నుంచే వర్తింపజేసింది. ఆ బకాయి సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి ఉపయోగపడింది.

ఆ నిరాకరణ కాలంలోనే, 1887లో, అబలా దాస్‌తో ఆయన వివాహం జరిగింది. అప్పట్లో కలకత్తాలో స్త్రీలకు వైద్యవిద్యలో ప్రవేశం లేకపోవడంతో ఆమె 1882లో బెంగాల్ ప్రభుత్వ ఉపకార వేతనంపై మద్రాసు వెళ్లి వైద్యం చదివారు. అనారోగ్యం వల్ల ఆ చదువు పూర్తి కాలేదు. తరువాతి కాలంలో ఆమె బాలికల విద్యకూ, వితంతువుల సంక్షేమానికీ జీవితాన్ని అంకితం చేశారు.

ఇరుకు గదిలో ప్రయోగశాల

1894లో, తన 36వ పుట్టినరోజున, ఇకపై పరిశోధనకే అంకితం కావాలని బోస్ నిశ్చయించుకున్నారు. కళాశాలలో పరిశోధనాలయం లేదు. స్నానాల గదిని ఆనుకుని ఉన్న ఒక చిన్న అరనే ప్రయోగశాలగా మార్చుకున్నారు. స్థానికంగా రేకుపని చేసే ఒక కార్మికుడికి శిక్షణ ఇచ్చి, పరికరాలన్నీ అక్కడే చేయించారు. పగలు బోధన, మిగిలిన సమయంలో పరిశోధన.

విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ హెర్ట్జ్ అంతకు కొన్నేళ్ల ముందే నిరూపించారు. ఆ తరంగాలు పొడవైనవి కావడంతో, అవి కాంతి మాదిరిగా ప్రవర్తిస్తాయో లేదో చిన్న గదిలో పరీక్షించడం కష్టం. బోస్ తరంగదైర్ఘ్యాన్ని 5 మిల్లీమీటర్ల దాకా తగ్గించగలిగారు. నేడు మిల్లీమీటరు తరంగాలు అని పిలిచే ఈ కోవలోని తరంగాలే ఐదో తరం మొబైల్ సేవల్లో ఒక భాగానికి ఆధారం. కలకత్తా టౌన్‌హాలులో జరిగిన ప్రదర్శనలో ఆయన పంపిన తరంగాలు గోడలను దాటి వెళ్లి, దూరాన గంట మోగించి, మందుగుండును పేల్చాయి. తీగ లేకుండా సంకేతం పంపవచ్చునని సభికులు కళ్లారా చూశారు.

1895లో ఆయన తొలి పరిశోధన పత్రం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. 1896లో లండన్ విశ్వవిద్యాలయం డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఇచ్చింది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంకాలపు ఉపన్యాసం ఇచ్చే గౌరవం దక్కింది. ఈ ప్రయోగాలు జరిగిన ప్రెసిడెన్సీ కళాశాలకు 2012లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ చారిత్రక మైలురాయి గుర్తింపును ఇచ్చింది.

ఏ పదార్థం ఏ పనికి?

తరంగాన్ని పుట్టించడం కంటే దాన్ని పసిగట్టడం కష్టమైన పని. ఆనాటి ప్రధాన సాధనం కోహిరర్. గాజు గొట్టంలో లోహపు రజను నింపి, రెండు వైపులా తీగలు కలిపితే అది మామూలుగా విద్యుత్తును సరిగా పోనివ్వదు. తరంగం తాకగానే రజను రేణువుల మధ్య నిరోధం పడిపోయి విద్యుత్తు ప్రవహిస్తుంది. అయితే తరంగం ఆగిపోయినా ఆ స్థితి మారదు. తిరిగి పనిచేయాలంటే గొట్టాన్ని ప్రతిసారీ తట్టాలి. పైగా ఒకసారి ఇచ్చిన ఫలితాన్ని మరోసారి ఇస్తుందన్న నమ్మకం లేదు.

బోస్ రజనుకు బదులు సన్నని ఉక్కు స్ప్రింగులను వరుసగా పేర్చి, వాటి మధ్య ఒత్తిడిని మర సహాయంతో సర్దే ఏర్పాటు చేశారు. ఫలితాల్లో నిలకడ పెరిగింది. కానీ బెంగాల్‌లోని తేమ గాలికి ఉక్కు తుప్పు పట్టేది. మరో పదార్థం కావాలి. అదేమిటన్నది ఊహకు వదలకుండా ఆయన ఒక్కో మూలకాన్నీ తీసుకుని పరీక్షించడం మొదలుపెట్టారు.

ఆ పోలికలో ఒక విశేషం బయటపడింది. తరంగం తాకితే అన్ని పదార్థాలూ నిరోధాన్ని కోల్పోవడం లేదు. పొటాషియం వంటి వాటిలో నిరోధం పెరిగింది. కొన్నింటిలో మార్పు లేదు. కొన్ని తమంతట తామే పూర్వస్థితికి వచ్చాయి. మరికొన్నింటికి తట్టడం అవసరమైంది. బోస్ వీటిని ధన, ఋణ, తటస్థ వర్గాలుగా విభజించారు. ప్రతి సంపర్కానికీ వోల్టేజీని క్రమంగా పెంచుతూ, విద్యుత్ ప్రవాహం ఎలా పెరుగుతుందో గ్రాఫు గీశారు. సాధారణ తీగలో ఈ గ్రాఫు సరళరేఖ. ఆయన పరీక్షించిన సంపర్కాల్లో అది వంపు తిరిగింది. కొంత వోల్టేజీ దాకా ప్రవాహం స్వల్పం. ఆ గడప దాటగానే వేగంగా పెరుగుదల. ఒక సంపర్కంలో ఆ వంపు సుమారు 0.45 వోల్టు వద్ద వచ్చింది. పరికరాన్ని సరిగ్గా ఆ వంపు వద్ద నిలిపి ఉంచితే, అతి బలహీనమైన తరంగం కూడా ప్రవాహంలో స్పష్టమైన మార్పు తెస్తుందని ఆయన గ్రహించారు. నేడు ప్రతి డయోడ్‌తోపాటు కంపెనీలు ఇచ్చే సాంకేతిక పత్రంలో కనిపించేది ఇటువంటి గ్రాఫే.

ఈ అన్వేషణ చివరకు గెలీనా వద్ద ఆగింది. ఇది సీసం, గంధకం కలిసిన మెరిసే ఖనిజం. సుర్మా తయారీలో పూర్వం నుంచీ వాడుకలో ఉంది. తెలుగు నేలపై పల్నాడు ప్రాంతంలోని అగ్నిగుండాల, బండ్లమోట్టు గనుల్లో లభించిన సీసపు ఖనిజం ఇదే. గెలీనా స్ఫటికాలపై లోహపు మొన ఆనించి, ఒత్తిడిని మరతో సర్దుబాటు చేసి, బ్యాటరీనీ కొలమానాన్నీ కలిపితే ఆ పరికరం రేడియో తరంగాలనే గాక కాంతినీ పసిగట్టింది. గొట్టాన్ని తట్టే అవసరం తప్పింది.

గెలీనా వంటి ఖనిజాలు విద్యుత్తును ఒక దిశలో ఎక్కువగా, మరో దిశలో తక్కువగా పోనిస్తాయని జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బ్రౌన్ 1874లోనే గమనించారు. ఆ గుణం అప్పట్లో ఒక వింతగానే మిగిలింది. ఈ ఖనిజాలను రేడియో తరంగాలను పసిగట్టే పనిలో పెట్టి, పేటెంటుకు అర్హమైన పరికరంగా నిలిపిన ఘనత బోస్‌ది.

రాయ్‌పూర్ నుంచి ప్యారిస్ దాకా ఒక బంధం

1877లో కలకత్తా న్యాయవాది విశ్వనాథ్ దత్తా వృత్తిరీత్యా రాయ్‌పూర్‌లో నివసించారు. అప్పటికి ఈ పట్టణానికి రైలు లేదు. కుటుంబం ప్రయాణంలో చివరి భాగాన్ని అడవుల మధ్య ఎద్దుబండ్లపై సాగించింది. పద్నాలుగేళ్ల కుమారుడు నరేంద్రనాథ్ సుమారు రెండేళ్లు ఇక్కడే ఉండి, 1879లో కలకత్తాకు తిరిగి వెళ్లాడు. ఆ బాలుడే స్వామి వివేకానంద. రాయ్‌పూర్ బూఢా తలాబ్‌కూ, విమానాశ్రయానికీ నేడు ఆయన పేరే ఉంది.

1900లో ప్యారిస్‌లో జరిగిన అంతర్జాతీయ భౌతికశాస్త్ర మహాసభకు బోస్ దంపతులు హాజరయ్యారు. జీవమున్న వాటిలోనూ, లేని వాటిలోనూ విద్యుత్ ప్రేరణకు కలిగే స్పందనలోని పోలికలపై బోస్ అక్కడ పత్రం సమర్పించారు. ఆ సమయంలో ప్యారిస్‌లోనే ఉన్న వివేకానంద, యూరప్ పండితుల నడుమ ఒక భారతీయ శాస్త్రవేత్త పొందిన గౌరవాన్ని తన యాత్రా రచనల్లో గర్వంగా నమోదు చేశారు. వివేకానంద శిష్యురాళ్లు సిస్టర్ నివేదిత, అమెరికాకు చెందిన సారా బుల్ అప్పటి నుంచి బోస్ కుటుంబానికి అండగా నిలిచారు. సారా బుల్ నార్వే వయోలిన్ విద్వాంసుడు ఓలే బుల్ భార్య. అప్పటికి ఆయన మరణించి ఇరవై ఏళ్లయింది. ఆ ఏడాది చివర లండన్‌లో శస్త్రచికిత్స జరిగినప్పుడు బోస్ కోలుకున్నది వింబుల్డన్‌లోని నివేదిత తల్లి ఇంట్లోనే.

1901 మే నెలలో బోస్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మరోమారు ఉపన్యసించారు. దానికి ముందు ఒక సంపన్న టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని ఆయనను కలిశారు. ఉపన్యాసంలో వివరాలన్నీ బయటపెట్టవద్దనీ, పేటెంటు తీసుకుంటే లాభాల్లో వాటా ఇస్తాననీ ప్రతిపాదించారు. బోస్ నిరాకరించారు. ఆ ఉదంతాన్ని మిత్రుడు రవీంద్రనాథ్ ఠాకూర్‌కు లేఖలో తెలియజేస్తూ, ఒకసారి ఆ ఉచ్చులో చిక్కితే బయటపడే దారి ఉండదన్న భయాన్ని వ్యక్తం చేశారు.

సారా బుల్, నివేదిత ఈ వైఖరిని మరో కోణంలో చూశారు. హక్కు నమోదు కాకపోతే ఆవిష్కరణ ఎవరిదన్న రుజువే మిగలదని వారు వాదించారు. వారి ఒత్తిడి మీద 1901 సెప్టెంబర్ 30న అమెరికాలో దరఖాస్తు దాఖలైంది. 1904 మార్చి 29న 755840 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. పత్రంలో ఆవిష్కర్త కలకత్తా వాసి జగదీశ్ చంద్రబోస్. సగం హక్కు సారా చాప్‌మన్ బుల్ పేరిట ఉంది. అయినా బోస్ ఎవరికీ లైసెన్సు ఇచ్చి సొమ్ము చేసుకోలేదు. పదిహేడేళ్ల గడువు 1921లో ముగిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో రేడియో ప్రసారాలు ప్రారంభమై, గెలీనా స్ఫటికాన్ని సన్నని తీగ మొనతో తాకించే చౌక రేడియోలు ఇళ్లలోకి ప్రవేశిస్తున్నాయి.

ఈ నిర్ణయంపై నేటికీ రెండు అభిప్రాయాలున్నాయి. విజ్ఞానం ఎవరి సొత్తూ కాదన్న నియమానికి బోస్ కట్టుబడటం భారతీయ శాస్త్ర పరంపరకు వన్నె తెచ్చిందని ఒక వాదన. ఆ హక్కును వాడుకుని ఉంటే కలకత్తాలోనే ఒక పరిశ్రమ పుట్టేదనీ, పరిశోధనకు ప్రభుత్వాన్ని దేబిరించే అవసరం తప్పేదనీ మరో వాదన. బోస్ తరువాత రెండేళ్లకే, 1906లో, అమెరికాలో గ్రీన్‌లీఫ్ పికార్డ్ సిలికాన్ స్ఫటికానికీ, హెన్రీ డన్‌వుడీ కార్బొరండంకూ పేటెంట్లు పొంది వాణిజ్యానికి తెరతీశారు.

అలసిన లోహం నుంచి మొక్కల వైపు

గెలీనాతో పరికరం సిద్ధమవుతున్న కాలంలోనే బోస్ దృష్టి మరోవైపు మళ్లింది. పదేపదే తరంగాలు తాకిన కోహిరర్ స్పందన క్రమంగా బలహీనపడటం, కొంత విరామం ఇస్తే తిరిగి కోలుకోవడం ఆయన గమనించారు. ఆ గ్రాఫు అలసిన కండరం గ్రాఫును పోలి ఉంది. లోహానికీ జీవికీ మధ్య గీసిన గీత అంత కచ్చితమైనదేనా అన్న ప్రశ్న అక్కడ మొదలైంది. 1902లో జీవ, నిర్జీవ పదార్థాల స్పందనపై ఆయన గ్రంథం వెలువడింది. ఆపై పరిశోధన మొక్కల వైపు సాగింది. మొక్కల ఎదుగుదలలో కంటికి కనిపించని మార్పును వేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ ఆ కృషిలో పుట్టిన పరికరం.

ఈ మార్పు ఆయనకు కష్టాలూ తెచ్చింది. శరీరధర్మ శాస్త్రజ్ఞులు కొందరు, తమ రంగంలోకి భౌతికశాస్త్రజ్ఞుడు అడుగుపెట్టడాన్ని వ్యతిరేకించారు. 1901లో రాయల్ సొసైటీ ముందు చదివిన పత్రం ముద్రణకు నోచుకోలేదు. అదే సొసైటీ 1920లో ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది.

పోలిక నేటికీ ఆగలేదు

బోస్ వదిలి వెళ్లిన రంగం వేరే చేతుల్లో ఎదిగింది. 1947లో ట్రాన్సిస్టర్‌ను ఆవిష్కరించిన వారిలో ఒకరైన వాల్టర్ బ్రాటెన్, సహచరుడు జెరాల్డ్ పియర్సన్‌తో కలిసి 1955లో అర్ధవాహకాల చరిత్ర రాస్తూ, స్ఫటికాన్ని రేడియో తరంగాల శోధకంగా వాడిన ప్రాధాన్యాన్ని బోస్‌కే ఇచ్చారు. అప్పటికి భారీ విద్యుత్తును డీసీగా మార్చే పని ఇంకా పాదరసపు పరికరాలదే. 1959లో భారతీయ రైల్వేలో 25,000 వోల్టుల ఏసీ విధానంతో వచ్చిన డబ్ల్యూఏఎం-1 ఇంజన్లలో ఉన్నవి పాదరసంతో పనిచేసే ఇగ్నిట్రాన్లు. తరువాత చిత్తరంజన్ కర్మాగారం తయారు చేసిన డబ్ల్యూఏఎం-4 ఇంజన్లలో వాటి స్థానాన్ని సిలికాన్ రెక్టిఫైయర్లు ఆక్రమించాయి.

నేడు ఇంజనీరు ముందు ఒకటి కాదు, అనేక రకాల డయోడ్లున్నాయి. వాటిలో దేన్ని ఎంచుకోవాలన్నది బోస్ తన సంపర్కాలను అడిగిన ప్రశ్నల వంటి వాటితోనే తేలుతుంది.

మొదటిది, ఏ వోల్టేజీ వద్ద ప్రవాహం మొదలవుతుంది? సాధారణ సిలికాన్ డయోడ్ పూర్తి భారం మీద సుమారు 1 వోల్టును తానే తీసుకుంటుంది. లోహాన్నీ అర్ధవాహకాన్నీ నేరుగా కలిపి చేసే షాట్కీ డయోడ్ 0.3 నుంచి 0.5 వోల్టుతో సరిపెడుతుంది. 5 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు, అంటే 100 వాట్లు ఇచ్చే సరఫరాలో మొదటిది 20 వాట్లను వేడిగా వృథా చేస్తే, 0.4 వోల్టు షాట్కీ 8 వాట్లే వృథా చేస్తుంది. బోస్ గెలీనాపై ఆనించిన లోహపు మొన కూడా లోహమూ అర్ధవాహకమూ కలిసిన సంపర్కమే కనుక, షాట్కీ డయోడ్‌ను ఆ వంశానికే చెందినదిగా చెప్పవచ్చు.

రెండోది, ఎదురు వోల్టేజీని ఎంతవరకు తట్టుకుంటుంది? బోస్ పరికరానికి ఈ పరీక్ష రాలేదు. విద్యుత్ పరిశ్రమలో ఇదే ప్రధానం. ఇంట్లోని 230 వోల్టుల సరఫరా గరిష్ఠంగా 325 వోల్టులకు చేరుతుంది. 415 వోల్టుల త్రీఫేజ్ సరఫరాలో అది సుమారు 587 వోల్టులు. మెరుపులు, స్విచ్చుల వల్ల వచ్చే ఆకస్మిక పోట్లను కూడా లెక్కించి త్రీఫేజ్ పనికి 1200 నుంచి 1600 వోల్టుల డయోడ్‌ను ఎంచుకోవడం రివాజు. సిలికాన్ షాట్కీ ఈ ఎత్తుకు చేరలేదు. దాని పరిధి సాధారణంగా 200 వోల్టుల లోపే. ఎదురు దిశలో కారిపోయే విద్యుత్తు కూడా దానిలో ఎక్కువ.

మూడోది, తిరిగి పూర్వస్థితికి ఎంత త్వరగా వస్తుంది? కోహిరర్‌కు తట్టడం అవసరమైనట్లే, డయోడ్‌కు ప్రవాహం ఆగిన తరువాత దారిని మూసేందుకు కొంత వ్యవధి కావాలి. భౌతిక కారణాలు వేరైనా ప్రశ్న ఒక్కటే. 1ఎన్4007 వంటి సాధారణ డయోడ్‌కు కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. సెకనుకు 50 ఆవృత్తులు సాగే గ్రిడ్ విద్యుత్తుకు అది చాలు. సెకనుకు లక్ష సార్లు ఆగి సాగే ఛార్జరు వలయంలో ఒక్కో ఆవృత్తికి దొరికేది 10 మైక్రోసెకన్లే. అక్కడ ఆ డయోడ్ మూసుకునేలోగా ఎదురు ప్రవాహం చొరబడి, వేడెక్కి కాలిపోతుంది. అటువంటి చోట పదుల నానోసెకన్లలో మూసుకునే అల్ట్రాఫాస్ట్ రకాలు కావాలి. అధిక వోల్టేజీ, అధిక వేగం రెండూ అవసరమైతే సిలికాన్ కార్బైడ్ షాట్కీ తగినది. దాని ధర ఎక్కువ. ప్రవాహ దిశలో అది తీసుకునే వోల్టేజీ సాధారణ సిలికాన్ కంటే హెచ్చు కావచ్చు. సిలికాన్ కార్బైడ్ అంటే 1906లో డన్‌వుడీ వాడిన కార్బొరండమే.

నాలుగోది, వాతావరణానికీ అలసటకూ ఎంతవరకు నిలుస్తుంది? బోస్‌ను బెంగాల్ తేమ ఇబ్బంది పెట్టింది. రాయ్‌పూర్‌లో సమస్య వేడి. మే నెలలో 45 డిగ్రీలను తాకే ఎండలో, మూసిన ప్యానెల్ లోపలి ఉష్ణోగ్రత అంతకు మించుతుంది. పత్రంలో రాసిన ఆంపియర్లు చల్లని పరిస్థితులకు చెప్పినవి. వేడి పెరిగే కొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. 100 ఆంపియర్లు పోయే బ్రిడ్జిలో ఎప్పుడూ రెండు డయోడ్లు వరుసగా పనిచేస్తాయి కనుక, ఒక్కోటి 1 వోల్టు తీసుకుంటే 200 వాట్ల వేడిని బయటకు పంపాలి. కొలిమి రోజూ అనేకసార్లు వేడెక్కి చల్లారడం వల్ల డయోడ్ లోపలి అతుకులు క్రమంగా బలహీనపడతాయి.

ఈ నాలుగు ప్రశ్నలకూ ఒకే డయోడ్ ఉత్తమ సమాధానం ఇవ్వదు. ఉర్లాలోని కొలిమిలో గ్రిడ్ వైపు నిలిచేది నెమ్మదైన, దృఢమైన సిలికాన్ పరికరం. అదే కొలిమిలో అధిక పౌనఃపున్యం ఉన్న వైపు వేగంగా మూసుకునే పరికరం కావాలి. ఒకదాని స్థానంలో మరొకటి అమర్చితే నష్టం తప్పదు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ నుంచి తమిళనాడులోని పుగలూరుకు 800 కిలోవోల్టుల డీసీ రూపంలో 6,000 మెగావాట్లు పంపే మార్గంలోనూ, విశాఖ సమీపంలోని గాజువాక డీసీ కేంద్రంలోనూ సాధారణ డయోడ్ సరిపోదు. ఎప్పుడు తెరుచుకోవాలో ఆదేశించగల థైరిస్టర్లు అక్కడ పనిచేస్తున్నాయి.

విజ్ఞాన మందిరం

1915లో బోస్ ప్రెసిడెన్సీ కళాశాల నుంచి పదవీ విరమణ చేశారు. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా వంటి శిష్యులను తీర్చిదిద్దిన ఆ అధ్యాపకుడికి 1917లో సర్ బిరుదు లభించింది. అదే ఏడాది నవంబర్ 30న, తన 59వ పుట్టినరోజున, కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని ప్రారంభించారు. ఇరుకు గదిలో పరిశోధన ప్రారంభించిన నాటి నుంచి ఆయన కన్న కల అది. ప్రాంగణంలో దీపం చేతబట్టిన స్త్రీమూర్తి శిల్పం, 1911లో డార్జిలింగ్‌లో కన్నుమూసిన నివేదిత స్మృతికి చిహ్నం. సారా బుల్ కూడా అదే ఏడాది మరణించడంతో, తాము ప్రోత్సహించిన సంస్థను వారిద్దరూ చూడలేకపోయారు.

ప్రారంభోత్సవంలో బోస్ ఆ సంస్థకు ఒక నియమం విధించారు. అక్కడ జరిగే ఆవిష్కరణలు ప్రజలందరి సొత్తు కావాలనీ, వాటిపై పేటెంట్లు తీసుకోరాదనీ ప్రకటించారు. పదహారేళ్ల క్రితం లండన్‌లో టెలిగ్రాఫ్ కంపెనీ యజమానికి చెప్పిన సమాధానం ఈసారి సంస్థ నియమమైంది.

1937 నవంబర్ 23న, 79వ పుట్టినరోజుకు వారం ముందు, నేటి ఝార్ఖండ్‌లోని గిరిడీలో బోస్ కన్నుమూశారు. ఆయనకు సంతానం లేదు. ఆయన స్థాపించిన సంస్థ నేడు కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం ఆధ్వర్యంలో కోల్‌కతాలో పరిశోధనలు కొనసాగిస్తోంది. గెలీనా పరికరం సహా ఆయన స్వయంగా రూపొందించిన ఉపకరణాలు అక్కడి ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి.